గిన్నె అడుగు ఎందుకు ఊడుతుంది? డీప్ డ్రా డైలపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

బాలానగర్, జీడిమెట్ల, కాటేదాన్, చర్లపల్లి పారిశ్రామికవాడల నుంచి ఈమధ్య వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఒక్కటే. చదునైన రేకును పంచ్‌తో (నొక్కే పనిముట్టు) డైలోకి (రంధ్రం ఉన్న అచ్చు) దింపి లోతైన గిన్నెగానో, కప్పుగానో, మోటారు తొడుగుగానో మలిచేటప్పుడు, అంటే డీప్ డ్రా చేసేటప్పుడు సరుకు పాడవుతోంది, ఎక్కడ సరిచేయాలో తెలియడం లేదు అని. ఒకే తీరు ప్రశ్నలను కలిపి, ఉత్తరాలను క్లుప్తం చేసి జవాబులు ఇస్తున్నాము. పేరు అచ్చువేయవద్దని కొందరు కోరినందున అందరి పేర్లూ వదిలేశాము.

ప్రశ్న: మాది కాటేదాన్‌లో చిన్న స్టీలు పాత్రల యూనిట్. 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు, 20 గేజి రేకుతో 100 మి.మీ. వ్యాసం, 75 మి.మీ. ఎత్తు ఉండే నిటారు గిన్నెకు కొత్త డై చేయించాము. లెక్క ప్రకారం 200 మి.మీ. సర్కిల్ (గుండ్రంగా కత్తిరించిన రేకు) సరిపోవాలి. కానీ ఎక్కువ ముక్కలకు అడుగు ఊడి వస్తోంది. డై చేసినవారు రేకు బాగాలేదంటారు, రేకు అమ్మినవారు డై బాగాలేదంటారు. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: ఇద్దరి మాటా పక్కన పెట్టి ముందు మీ లెక్క చూద్దాము. రేకు మందం పెద్దగా మారదనుకొని, సర్కిల్ వైశాల్యమూ గిన్నె అడుగు, గోడల మొత్తం వైశాల్యమూ సమానమని తీసుకుంటే, గిన్నె వ్యాసం వర్గానికి, వ్యాసాన్ని ఎత్తుతో హెచ్చించి నాలుగింతలు చేసిన మొత్తాన్ని కలిపి, వర్గమూలం తీయాలి. 100 వర్గం 10,000. 100ను 75తో హెచ్చించి నాలుగింతలు చేస్తే 30,000. రెండూ కలిపిన 40,000కు వర్గమూలం 200. మీ లెక్కలో తప్పు లేదు. అయితే గిన్నెకు ఎంత రేకు కావాలో మాత్రమే ఆ లెక్క చెబుతుంది. అంత రేకు ఒక్క దెబ్బలో లోపలికి దిగుతుందో లేదో చెప్పదు.

200 మి.మీ. సర్కిల్ అంచు చుట్టుకొలత 628 మి.మీ. అదే అంచు గిన్నె మూతి దగ్గరకు వచ్చేసరికి 314 మి.మీ. కావాలి. అంటే అంచున ఉన్న లోహం చుట్టూ నొక్కుకుపోయి సరిగ్గా సగానికి కుదించుకోవాలి. లోహం అందుకు సులువుగా ఒప్పుకోదు. దాన్ని లోపలికి లాగే బలాన్ని పంచ్ నేరుగా ఇవ్వదు. పంచ్ అడుగును నెడుతుంది, అడుగు గోడను లాగుతుంది, గోడ అంచును లాగుతుంది. ఈ బరువంతా మోసేది పంచ్ మూలకు కాస్త పైన ఉండే సన్నని పట్టీ. అక్కడి రేకు పంచ్ మూల చుట్టూ వంగి కొంత పలచబడి ఉంటుంది, పై గోడలో జరిగినట్టు నలిగి గట్టిపడే అవకాశమూ దానికి దక్కదు. అంచు చూపే మొండితనం ఆ పట్టీ ఓర్చుకోగల బలాన్ని మించిన క్షణంలో అడుగు గుండ్రంగా తెగి ఊడుతుంది.

అందుకే సర్కిల్ వ్యాసాన్ని పంచ్ వ్యాసంతో భాగించగా వచ్చే డ్రా నిష్పత్తిని అన్నిటికన్నా ముందు చూడాలి. 304 స్టీలుకైనా, మంచి డీప్ డ్రా మైల్డ్ స్టీలుకైనా మొదటి డ్రాలో (మొదటిసారి లాగినప్పుడు) ఈ నిష్పత్తికి హద్దు దాదాపు 1.8 నుంచి 2 వరకు ఉంటుంది. పైహద్దు అన్నీ అనుకూలించినప్పటి మాట. రోజంతా నడిచే ప్రెస్ దగ్గర, నూనె ఒకసారి ఎక్కువగా, ఒకసారి తక్కువగా పూసే చేతుల కింద, 1.75 దాటకుండా ఉండటం మేలు. మీ నిష్పత్తి సరిగ్గా 2. పైగా మూతి ట్రిమ్మింగ్‌కు (అంచును సమంగా కత్తిరించడానికి) ఏమీ వదలలేదు. కొన్ని ముక్కలైనా బాగా వస్తున్నాయంటే డైనూ, రేకునూ మెచ్చుకోవాలి.

గిన్నెను రెండు డ్రాలలో తీయండి. సర్కిల్‌ను 206 మి.మీ. చేసుకుంటే ట్రిమ్మింగ్‌కు దాదాపు 6 మి.మీ. మిగులుతుంది. మొదటి డ్రాలో 118 మి.మీ. వ్యాసానికి తెస్తే నిష్పత్తి 1.75 దగ్గర ఆగుతుంది, ఎత్తు సుమారు 60 మి.మీ. వస్తుంది. రెండో డ్రాలో 118 నుంచి 100కు తేవడం తేలికైన పనే. అప్పుడు నిష్పత్తి 1.18. రెండో డ్రాలో ఎక్కువ ఆశించకూడదు, ఎందుకంటే మొదటి డ్రాలో గోడ అప్పటికే గట్టిపడి ఉంటుంది. 304 మరీ త్వరగా గట్టిపడే లోహం కాబట్టి మధ్యలో అనీలింగ్ (వేడిచేసి లోహాన్ని మళ్ళీ మెత్తబరచడం) చేస్తే భద్రం. 1010 నుంచి 1120 డిగ్రీల సెల్సియస్ మధ్య వేడిచేసి వేగంగా చల్లార్చాలి. కొలిమిలో పెట్టే ముందు నూనె, సబ్బు మచ్చ లేకుండా కడగాలి. లేకపోతే అవి వేడికి లోహాన్ని తినేస్తాయి.

డై అంచు గుండ్రం రేకు మందానికి ఆరు నుంచి ఎనిమిది రెట్లు, అంటే మీ 0.9 మి.మీ. రేకుకు 5 నుంచి 7 మి.మీ. ఉండాలి. పంచ్ మూల గుండ్రం కనీసం నాలుగు రెట్లు ఉండాలి, గిన్నె ఆకారం ఒప్పుకుంటే ఇంకా ఎక్కువ ఇచ్చినా మంచిదే. పంచ్‌కూ డైకీ మధ్య ఒక్కో వైపు సందు రేకు మందం కన్నా పదో వంతు ఎక్కువగా, దాదాపు ఒక మిల్లీమీటరు వదలాలి. అంచు కుదించుకున్నప్పుడు రేకు మందం పెరుగుతుంది. ఆ మందానికి చోటు లేకపోతే గోడ డైలో ఇరుక్కుంటుంది.

ఇంకొక్క మాట. ఊడిన అడుగులను వెంటనే తుక్కులో వేయించకండి, వాటిని వరసగా పేర్చి చూడండి. చుట్టూ ఒకే ఎత్తులో తెగితే నిష్పత్తి ఎక్కువనో, బ్లాంక్ హోల్డర్ (రేకు అంచును డైపై చదునుగా నొక్కి పట్టే పలక) ఒత్తిడి మించిందనో అర్థం. ఒక వైపే తెగి, రెండో వైపు గోడ వేలాడుతుంటే సర్కిల్ పక్కకు కూర్చుందనో, పంచ్, డై ఒకే అక్షం మీద లేవనో చూడాలి. గోడ లేవకముందే కత్తితో కోసినట్టు బిళ్ల ఊడితే పంచ్ మూల మరీ పదునుగా ఉంది. గోడ ముప్పాతిక వంతు దిగాక తెగితే నూనె పొర పోయిందనో, హోల్డర్ ఒత్తిడి స్ట్రోకుతోపాటు పెరుగుతోందనో అనుకోవాలి. డైను విప్పే ముందు ఈ పని చేస్తే చాలా గ్రైండింగు ఖర్చు తప్పుతుంది.

ప్రశ్న: జీడిమెట్లలో మాకు 30 టన్నుల పవర్ ప్రెస్ ఉంది, స్ట్రోకు 120 మి.మీ. ఒకటింబావు మి.మీ.కు దగ్గరగా, 1.2 మి.మీ. మందం మైల్డ్ స్టీలు రేకుతో 120 మి.మీ. వ్యాసం, 58 మి.మీ. లోతు గల మోటారు తొడుగు తీస్తున్నాము. సర్కిల్ 205 మి.మీ. లెక్క వేస్తే 19 టన్నులు కూడా దాటడం లేదు. అయినా ప్రెస్ మధ్యలో ఆగి బిగుసుకుపోతోంది. ప్రెస్‌లో లోపమా?

జవాబు: ప్రెస్‌లో లోపం ఉండకపోవచ్చు. ముందు మీ బలం లెక్కను సరిచూశాము. తొడుగు చుట్టుకొలతను రేకు మందంతోనూ, లోహపు తన్యత బలంతోనూ (తెగేలోపు ఓర్చుకోగల లాగుడు) హెచ్చించి, డ్రా నిష్పత్తిలోంచి 0.7 తీసివేసిన అంకెతో మళ్ళీ హెచ్చించాలి. డీప్ డ్రా గ్రేడు మైల్డ్ స్టీలుకు బలం చదరపు మిల్లీమీటరుకు 300 న్యూటన్లు అనుకుంటే సుమారు 14 టన్నులు వస్తుంది. అందులో మూడో వంతు హోల్డర్‌కు కలిపితే మీరు చెప్పిన అంకె చుట్టుపక్కలకే చేరుతుంది. లెక్క సరైనదే.

ప్రెస్ మీద రాసిన 30 టన్నులు మాత్రం స్ట్రోకు పొడవునా దొరికే బలం కాదు. మీ పవర్ ప్రెస్ వంటి క్రాంకు ప్రెస్ తన పూర్తి బలాన్ని స్ట్రోకు కింది కొన దగ్గర, సాధారణంగా కొనకు 30 డిగ్రీల ముందునుంచి, కొన్ని ప్రెస్‌లలో ఇంకా కొనకు దగ్గరగా వచ్చాకే ఇస్తుంది. రంధ్రాలు పొడిచే పనికి, బ్లాంకింగ్‌కు (రేకులోంచి బిళ్లలు కత్తిరించడానికి) అది చాలు, ఎందుకంటే ఆ పనంతా చివరి రెండు మూడు మిల్లీమీటర్లలోనే ముగుస్తుంది. లోతైన డ్రాకు రేకు మీద పంచ్ ఆనేది కింది కొనకు 58 మి.మీ. పైన; 120 మి.మీ. స్ట్రోకులో అంటే దాదాపు సగం దారిలో. అక్కడ క్రాంకు అడ్డంగా తిరిగి ఉంటుంది కాబట్టి, 30 డిగ్రీల రేటింగు ఉన్న ప్రెస్‌కు చేతికొచ్చే బలం అసలు రేటింగులో సగమే, అంటే 15 టన్నులు. ఇంకాస్త కిందికి, 40 మి.మీ. మిగిలినచోట కూడా 16 టన్నులకు మించదు. మీకు కావలసింది 19.

ఇలాంటి ప్రెస్‌ను క్లచ్ బిగించి బలవంతంగా తోలడం మంచిది కాదు. ముందు క్లచ్ పోతుంది, తర్వాత క్రాంక్‌షాఫ్ట్ వంతు వస్తుంది. ఈ పనికి తగిన దారి హైడ్రాలిక్ ప్రెస్. దానిలో టన్నులు పై నుంచి కింది దాకా ఒకేలా ఉంటాయి, వేగాన్ని తగ్గించుకోవచ్చు. స్టెయిన్‌లెస్ స్టీలుకైతే ఆ వేగం ముఖ్యం. నిమిషానికి 6 నుంచి 9 మీటర్ల వేగం దానికి హాయి. మీ పవర్ ప్రెస్ నిమిషానికి 50 స్ట్రోకులు కొడితే మధ్యలో ర్యామ్ వేగం నిమిషానికి 19 మీటర్ల దాకా ఉంటుంది. మైల్డ్ స్టీలుకు అది ఫర్వాలేదు, స్టెయిన్‌లెస్‌కు చాలా ఎక్కువ. హైడ్రాలిక్ ప్రెస్ కొనే స్తోమత ఇప్పుడు లేకపోతే తొడుగును రెండు డ్రాలుగా విడదీయండి. ఒక్కో డ్రాకు కావలసిన బలం తగ్గుతుంది.

ప్రశ్న: మూతికి చుట్టూ ముడతలు వస్తున్నాయి. హోల్డర్ కింద స్ప్రింగులు బిగిస్తే ముడతలు పోయి అడుగు తెగుతోంది, వదులు చేస్తే మళ్ళీ ముడతలు. మధ్యేమార్గం దొరకడం లేదు. (చర్లపల్లి)

జవాబు: గుండ్రంగా కత్తిరించిన బట్టను గ్లాసు మీద కప్పి కిందికి లాగితే అంచున కుచ్చిళ్లు పడతాయి. రేకు అంచు కూడా అలాగే ముడుచుకోవాలని చూస్తుంది, దాన్ని చదునుగా పట్టి ఉంచడమే హోల్డర్ పని. సర్కిల్ వ్యాసంలో రేకు మందం రెండు శాతం దాటితే హోల్డర్ లేకుండానే లాగవచ్చు. పాత్రల పనిలో అది అర శాతం కూడా ఉండదు కాబట్టి హోల్డర్ తప్పదు.

మీకు మధ్యేమార్గం దొరకకపోవడానికి కారణం మామూలు కాయిల్ స్ప్రింగుల స్వభావమే. అవి నొక్కేకొద్దీ గట్టిపడతాయి. డ్రా జరిగేకొద్దీ హోల్డర్ కింద మిగిలే రేకు మాత్రం తగ్గుతూ వస్తుంది. మొదట్లో, వెడల్పాటి అంచును పట్టుకోవలసినప్పుడు ఒత్తిడి చాలదు. చివర్లో, సన్నని అంచు మాత్రమే మిగిలినప్పుడు ఒత్తిడి మితిమీరుతుంది. రబ్బరు దిమ్మెలు ఇంకా చెడ్డవి. ఎంత బిగించినా, వదులు చేసినా ఈ తీరు మారదు.

ఖర్చులేని మొదటి మందు: డైకీ హోల్డర్‌కూ మధ్య, సర్కిల్ బయట, మూడు నాలుగు చోట్ల గట్టి స్టీలు బిళ్లలు పెట్టించి, హోల్డర్ వాటి మీద కూర్చునేలా చేయండి. బిళ్లల ఎత్తు రేకు మందానికి పదో వంతు ఎక్కువ ఉండాలి. అప్పుడు హోల్డర్ రేకును నలిపే బదులు, రేకు పైకి లేవకుండా కాపు కాస్తుంది. ఆ తర్వాత స్ప్రింగులు బిగించినా అదనపు బలం బిళ్లల మీద పడుతుంది, రేకు మీద పడదు. బిళ్లల ఎత్తులన్నీ ఒకే కొలతకు గ్రైండు చేయించాలి. ఒకటి తక్కువైతే అటువైపు ముడత, ఎదుటివైపు చీలిక వస్తాయి. ఖర్చు పెట్టగలిగితే నైట్రోజన్ గ్యాస్ స్ప్రింగులు వాడండి. వాటి ఒత్తిడి స్ట్రోకు పొడవునా పెద్దగా మారదు. హైడ్రాలిక్ కుషన్ (ద్రవ ఒత్తిడితో హోల్డర్‌ను పట్టి ఉంచే ఏర్పాటు) ఉన్న ప్రెస్ అయితే ఈ బాధే ఉండదు.

ముడతలు మూతి దగ్గర కాకుండా గోడ మధ్యలో పడుతుంటే ఈ జవాబు వర్తించదు. అది వాలు గోడల పాత్రలలో వచ్చే జబ్బు. పంచ్‌కీ డైకీ మధ్య వేలాడే రేకును ఎవరూ పట్టుకోరు కనుక వస్తుంది. దానికి నిటారు గోడలతో మెట్లు మెట్లుగా లాగి చివరి దెబ్బలో వాలు తేవడమే మార్గం.

ప్రశ్న: మాది బాలానగర్‌లో టూల్‌రూమ్. స్టెయిన్‌లెస్ గిన్నెలకు హెచ్‌సీహెచ్‌సీఆర్ (కార్బన్, క్రోమియం ఎక్కువగా ఉండే పనిముట్ల) స్టీలుతో డై చేసి 60 హార్డ్‌నెస్ దాకా తెచ్చాము. అయినా కొన్ని వందల ముక్కలకే గోడ మీద నిలువు గీతలు పడుతున్నాయి. ఎమెరీ కొట్టినా మర్నాటికి మళ్ళీ వస్తున్నాయి.

జవాబు: గీతలు పడుతున్నది డై మెత్తగా ఉన్నందువల్ల కాదు. ఒత్తిడిలో స్టెయిన్‌లెస్ రేకు నుంచి ఊడిన పొడి డై అంచుకు అతుక్కుంటుంది. అతుక్కున్న ఆ చిన్న గుబ్బ తర్వాతి ప్రతి గిన్నెనూ గీస్తుంది. డై అంచు గుండ్రం మీద గోరును లోపలివైపుకు నెమ్మదిగా జార్చి చూడండి. గోరు తట్టుకునే చోటు కచ్చితంగా గిన్నె మీద గీత ఉన్న చోటికి ఎదురుగానే ఉంటుంది. ఆ చోటును మాత్రమే నూనెరాయితో తీసి, తర్వాత పాలిష్ చేయాలి. అంచంతా ఎమెరీతో రుద్దితే గుండ్రం ఆకారమే చెడిపోతుంది.

పాలిష్ చేసే దిశ ముఖ్యం. లేత్ మీద తిప్పిన డైకి సహజంగానే చుట్టూ వలయాల గీతలు ఉంటాయి, తిప్పుతూనే ఎమెరీ పట్టిస్తే అవి నున్నబడతాయే కానీ దిశ మారదు. లోపలికి వచ్చే రేకు ఆ వలయాలన్నిటినీ అడ్డంగా దాటాలి. కాబట్టి ఆఖరి పాలిష్‌ను రేకు కదిలే దిశలో, బయటి అంచు నుంచి లోపలి రంధ్రంలోకి చేత్తో చేయించాలి. చేతిపని కాబట్టి వేళ్లు నొప్పి పుడతాయి, అందుకే చాలాచోట్ల దీన్ని వదిలేస్తారు.

అంతటితో ఆగకపోతే డై రింగును అల్యూమినియం బ్రాంజ్‌తో చేయించి చూడండి. గట్టిదనంలో అది మీ స్టీలుకు సాటిరాదు, అరుగుతుంది కూడా, కానీ స్టెయిన్‌లెస్ దానికి అతుక్కోదు. ముక్కల సంఖ్య భారీగా ఉంటే స్టీలు డై మీద టైటానియం కార్బోనైట్రైడ్ వంటి పూత వేయించవచ్చు. రేకుకు డై వైపు ప్లాస్టిక్ ఫిల్ము అంటించి లాగడం కూడా పాత్రల తయారీలో మంచి ఫలితమిచ్చే పద్ధతి, బఫింగ్ ఖర్చూ తగ్గిస్తుంది. నూనె వాడితే డై వైపు, హోల్డర్ వైపు పూయండి, పంచ్ ఆనే నడుమ భాగాన్ని పొడిగా వదలండి. అక్కడ రాపిడి ఉంటేనే పంచ్ అడుగును గట్టిగా పట్టుకొని మొదటి జవాబులో చెప్పిన, పంచ్ మూలకు పైనున్న బలహీనమైన పట్టీకి కొంత సాయం చేస్తుంది. సర్కిల్‌కు రెండు వైపులా నూనెలో ముంచి తీయడం శ్రద్ధలా కనిపిస్తుంది కానీ సగం నష్టమే.

ప్రశ్న: బేగంబజారులో మాకు స్టీలు పాత్రల హోల్‌సేల్ దుకాణం ఉంది. ఒక తయారీదారు పంపిన లోతైన డబ్బాలు దించుకున్నప్పుడు బాగానే ఉన్నాయి. కొద్ది రోజులకు గోదాములో ఎవరూ ముట్టకుండానే మూతి నుంచి కిందికి నిలువుగా పగిలాయి. మేము పడేశామని ఆయన అంటున్నారు. అయస్కాంతం పెడితే అతుక్కుంటోంది కాబట్టి అది అసలు స్టెయిన్‌లెస్సే కాదని మా గుమాస్తా అంటున్నాడు.

జవాబు: మీరు పడేసి ఉండనక్కరలేదు. పడేస్తే సొట్ట పడుతుంది, మూతి నుంచి సూటిగా నిలువు పగులు రాదు. ఇది లోతుగా లాగిన కొన్ని స్టెయిన్‌లెస్ స్టీళ్లలో ఆలస్యంగా వచ్చే పగులు. నికెల్ తక్కువగా, మాంగనీసు ఎక్కువగా ఉండే 200 సిరీస్ రకాలలో ఇది ఎక్కువ. ధర తక్కువ కనుక పాత్రల తయారీలో ఆ రకాలు బాగా వాడుకలో ఉన్నాయి.

కారణం ఇది. రేకును లోతుగా లాగినప్పుడు దాని లోపలి నిర్మాణంలో కొంత భాగం మార్టెన్‌సైట్ అనే గట్టి, పెళుసు రూపంలోకి మారుతుంది. అన్నిటికన్నా ఎక్కువ కుదింపుకు లోనైన మూతి దగ్గర ఈ మార్పు అత్యధికం. డై నుంచి బయటికి వచ్చాక గోడలో విచ్చుకోవాలనే లాగుడు మిగిలిపోతుంది. దాన్ని మూతి వలయం బిగించి ఉంచుతుంది. లోహంలో సహజంగా ఉండే కొద్దిపాటి హైడ్రోజన్ నెమ్మదిగా ఆ లాగుడు ఉన్న చోటికి చేరి పెళుసుదనాన్ని ఇంకా పెంచుతుంది. గంటలకో, రోజులకో ఏ దెబ్బా లేకుండానే మూతి తెరుచుకుంటుంది. కాబట్టి బాధ్యత తయారీలోనే ఉంది. ఆయన చేయదగినవి: ఒక్కో డ్రాలో నిష్పత్తి తగ్గించడం, లాగిన డబ్బాలను నిల్వ పెట్టకుండా ఆ షిఫ్టులోనే అనీలింగ్‌కు పంపడం, లేదా లోతైన వస్తువులకైనా నికెల్ ఎక్కువ ఉన్న 304 వాడటం. పెద్ద ఆర్డరు పెట్టేటప్పుడు గ్రేడును బిల్లు మీద రాయించుకోవడం మీ వంతు.

మీ గుమాస్తా గారి అయస్కాంతం విషయానికి వస్తే, అది అంత నమ్మదగిన సాక్షి కాదు. అసలైన 304 రేకు సర్కిల్‌గా ఉన్నప్పుడు అయస్కాంతానికి అతుక్కోదు. దాన్నే గిన్నెగా లాగాక మూతి దగ్గర కొంత అతుక్కుంటుంది, అక్కడ మార్టెన్‌సైట్ పుట్టింది కాబట్టి. ఒకే పాత్ర అడుగున చిన్న అయస్కాంతం పెట్టి, తర్వాత గోడ మీదుగా పైకి జరుపుతూ పోతే లాగుడు పెరగడం చేతికి తెలుస్తుంది. అడుగున కూడా గట్టిగా అతుక్కుంటే అప్పుడు అనుమానించవచ్చు. అది నికెల్ లేని 430 వంటి రకం కావచ్చు, అదీ స్టెయిన్‌లెస్సే కానీ వేరే ధర సరుకు. మరోవైపు, 200 సిరీస్ అడుగు కూడా అయస్కాంతానికి అతుక్కోదు కనుక, అతుక్కోనంత మాత్రాన 304 అని తేల్చడం కుదరదు. అది తేలాలంటే రసాయన పరీక్ష కావాలి.

ఇత్తడికీ ఇలాంటి చరిత్రే ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో మన దేశంలోని బ్రిటిష్ సైన్యం వానాకాలంలో గుర్రపుశాలల్లో నిల్వచేసిన తూటాల ఇత్తడి తొడుగులు వాటంతటవే పగిలేవి. ఆ తొడుగులు కూడా డీప్ డ్రా చేసినవే. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, తేమ, లాగినప్పుడు లోహంలో మిగిలిపోయిన ఒత్తిడి కలిసి పగులు తెస్తున్నాయని 1921లో గాని స్పష్టంగా తేలలేదు. ఇత్తడి కప్పులు తీసేవారు నేటికీ వాటిని 250 నుంచి 300 డిగ్రీల దగ్గర కొంతసేపు వేడిచేసి ఆ ఒత్తిడి తీస్తారు. పగులుతున్న మీ సరుకును వెనక్కి పంపడానికి ఈ వివరణ ఉపయోగపడితే సంతోషం.

ప్రశ్న: పాలిటెక్నిక్ మూడో సంవత్సరం విద్యార్థిని. ప్రాజెక్టులో తీసిన కప్పు మూతి సమంగా రాకుండా నాలుగు చోట్ల చెవుల్లా లేచింది. డై ఎక్కడ అరిగి ఉంటుంది?

జవాబు: డై అరగలేదమ్మా. చెవులు రేకు నుంచి వస్తాయి. రోలింగ్‌లో రేకు స్ఫటికాలు ఒక వరసకు అలవాటుపడతాయి, అందువల్ల రోలింగ్ దిశలో, అడ్డంగా, మూలగా లాగితే మూడు చోట్లా అది ఒకేలా సాగదు. మైల్డ్ స్టీలులో చెవులు సాధారణంగా రోలింగ్ దిశలోనూ, దానికి అడ్డంగానూ లేస్తాయి. గట్టి అల్యూమినియం రేకులో 45 డిగ్రీల మూలల్లో లేస్తాయి. పరీక్షించాలంటే సర్కిల్ మీద రోలింగ్ దిశను మార్కర్‌తో గీసి, డైలో ప్రతిసారీ తిప్పి తిప్పి పెట్టి లాగండి. చెవులు గీతతోపాటు తిరిగితే తప్పు రేకుది. ప్రెస్ ముందు ఒకే వైపు నిలబడితే అప్పుడు డైను అనుమానించండి. ఈడీడీ (ఎక్స్‌ట్రా డీప్ డ్రాయింగ్) గ్రేడు రేకు వాడితే చెవులు తగ్గవచ్చు, పూర్తిగా పోవు. ట్రిమ్మింగ్ మార్జిను వదిలేది ఇందుకే. డై డిజైను మీద ఇంకా నేర్చుకోవాలనుంటే, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో 1968లో బాలానగర్‌లో మొదలైన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ మీకు దగ్గరలోనే ఉంది, డిప్లొమా తర్వాతి కోర్సులను గురించి అక్కడ విచారించండి.

ప్రశ్న: గిన్నె పంచ్‌కే అతుక్కుని దిగడం లేదు. కొట్టి తీస్తే సొట్ట పడుతోంది.

జవాబు: పంచ్ నడుమ గాలి రంధ్రం ఉందా? లేకపోతే గిన్నె అడుగుకూ పంచ్‌కూ మధ్య గాలి చొరబడక ఖాళీ ఏర్పడి గిన్నె పట్టేసుకుంటుంది. 100 మి.మీ. పంచ్‌కు 6 మి.మీ. రంధ్రం వేసి, దాన్ని పక్కకు బయటికి తెరిపించండి. రంధ్రం ఉన్నా అతుక్కుంటే అందులో నూనె, సబ్బు గడ్డకట్టి ఉంటుంది, తీగతో పొడిపించండి.

ప్రశ్న: కుషాయిగూడలో కొత్తగా మొదలైన మా సంస్థకు అల్యూమినియం దీపపు తొడుగులు 300 మాత్రమే కావాలి. 150 మి.మీ. వ్యాసం, 110 మి.మీ. లోతు. డై చేయించాలా?

జవాబు: ఇప్పుడు చేయించవద్దు. మీ కొలతలకు సర్కిల్ దాదాపు 300 మి.మీ. అవుతుంది, నిష్పత్తి 2 చుట్టూ ఉంటుంది కాబట్టి రెండు డ్రాలు, అంటే రెండు జతల పంచ్, డై, హోల్డర్లు కావాలి. ఆ ఖర్చంతా 300 ముక్కల మీద పంచితే ఒక్కో తొడుగు ధర మీరే ఒప్పుకోలేనంత అవుతుంది. మెత్తని అల్యూమినియం రేకు స్పిన్నింగ్‌కు చక్కగా లొంగుతుంది. లేత్ మీద కట్టెతోనో, స్టీలుతోనో చేసిన ఒక అచ్చు బిగించి, సర్కిల్‌ను దానికి ఆనించి తిప్పుతూ పొడవాటి పనిముట్టుతో నొక్కితే చాలు. అచ్చు ఖర్చు డై ఖర్చుతో పోలిస్తే కొద్దిపాటిదే. గోడ మందం చోటుచోటుకూ కొంత మారుతుంది, ముక్కకు పట్టే సమయం ఎక్కువ. దీపపు తొడుగుకు ఈ రెండూ అడ్డుకావు. ఆకారం మీద ఇంకా మనసు మార్చుకునే దశలో ఉన్నవారికి స్పిన్నింగ్‌లో మరో సౌకర్యం ఉంది: అచ్చును కొద్దిగా చెక్కి వాలు మార్చుకోవచ్చు, గట్టిపరచిన డైతో అది కుదరదు.

ఆర్డర్లు వేలల్లోకి వెళ్లినప్పుడు డై సంగతి ఆలోచించండి. అప్పుడైనా ముందుగా స్పిన్నింగ్ ముక్కను వాడుకదారుల చేతికిచ్చి, కొలతలు ఖాయమయ్యాకే టూల్‌రూమ్‌కు డ్రాయింగు పంపండి. డ్రాయింగులో కింది మూలకు రేకు మందానికి కనీసం నాలుగు రెట్ల గుండ్రం ఇచ్చి పంపండి. డిజైనర్లు అందం కోసం గీసే పదునైన మూలను చూసి టూల్‌రూమ్ వారు చెప్పే ధర వేరు, గుండ్రం మూలకు చెప్పే ధర వేరు.